సభాసంబరం: ముందు తలలెక్క, తర్వాతే తార!

“హీరోయిన్‌ను ఎవర్ని పిలుద్దామండీ?”

గద్వాలలో కొత్త బట్టల దుకాణం తెరిచే ఆసామి అయినా, వనపర్తిలో కూతురి రిసెప్షన్ నలుగురూ చెప్పుకునేలా చేయాలనుకునే తండ్రి అయినా, నాగర్‌కర్నూలులో డీలర్ల సమావేశం పెట్టే కంపెనీ మేనేజరు అయినా మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న “ఎంత పుచ్చుకుంటుంది?” మూడోది “సెల్ఫీలు దిగనిస్తుందా?” భోజనాల సంగతి ఏ పదో ప్రశ్నగానో వస్తుంది. మంచినీళ్ళ సంగతి అసలు ప్రశ్నల్లోకే రాదు!

తారలను పిలవొద్దని అనడానికి మాకు నోరెలా వస్తుంది? మనది సినిమా పత్రికాయె. పిలవండి, దివ్యంగా పిలవండి. కాకపోతే ఆ ప్రశ్నను నాలుగు మెట్లు కిందికి దించి, దాని స్థానంలో ఇంకో ప్రశ్న పెట్టండి: “మొత్తం ఎన్ని తలలు?” ఈ లెక్క తేలకుండా వేదిక కొలత తేలదు. వంట తేలదు. పోలీసు దరఖాస్తులో రాయాల్సిన అంకె తేలదు. లెక్క తేలాక ఆ సభకు తార కావాలో అక్కర్లేదో దానంతటదే తెలిసిపోతుంది. అంచేత ఈ వారం మన సభాసంబరం పాలమూరు వైపు, ఆ మూడు ఊళ్ళ చుట్టూ.

తలలెక్క ముందు వేసుకోవడం ఎలాగో మన సినిమా వాళ్ళే, అదీ వనపర్తి గడ్డ మీదే, చేసి చూపించారు. అదితిరావ్ హైదరీ, సిద్ధార్థ్‌ల నిశ్చితార్థం, పెళ్ళి రెండూ 2024లో జరిగింది ఎక్కడనుకున్నారు? పెబ్బేరు దగ్గరి శ్రీరంగాపురంలో, రంగసముద్రం చెరువు గట్టున ఉన్న రంగనాయకస్వామి గుళ్ళో. అదితి తల్లి విద్యారావు గారు హిందుస్తానీ గాయని. ఆవిడ తండ్రి రాజా రామేశ్వరరావు గారు వనపర్తి సంస్థానాధీశుల వంశం వారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు కూడా వెళ్ళినవారు. అంటే అది పెళ్ళికూతురి అమ్మమ్మ గారింటి వైపు గుడి అన్నమాట.

చూడండి మరి. “సమ్మోహనం”తో తెలుగువాళ్ళకు దగ్గరైన అమ్మాయి, “నువ్వొస్తానంటే నేనొద్దంటానా” అబ్బాయి! ఇద్దరూ కలిసి “మహాసముద్రం”లో నటించినవాళ్ళు. ఊరికి ముందుగా ఒక్క ముక్క తెలిసి ఉంటే చెరువు గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం ఉండేవారు. మార్చిలో నిశ్చితార్థం ఎంత గుట్టుగా జరిగిందంటే, పెళ్ళే అయిపోయిందని వార్తలు గుప్పుమన్నాయి. మర్నాడు వాళ్ళిద్దరూ ఉంగరాల ఫోటో పెట్టాకగానీ నిశ్చితార్థమని తేలలేదు. సెప్టెంబరు 16న పెళ్ళి ఫోటోలు కూడా అలాగే, అంతా అయిపోయాకే బయటికొచ్చాయి. ఆ తర్వాత నవంబరులో రాజస్థాన్‌లోని ఒక కోటలో మరో వేడుక చేసుకున్నారు. ఆర్భాటం కావాలంటే దానికి వేరే చోటు, వేరే రోజు! గుళ్ళో జరిగే కార్యానికి మాత్రం గుడి పట్టేంత మందినే పిలిచారు. (గద్వాల పక్కనే ఉండగా పెళ్ళికూతురు మహేశ్వరీ నేత కట్టుకుంది గదా అని మాకు చిన్న బాధ ఉంది. పోనీండి, ఎవరి ముచ్చట వాళ్ళది.)

“వాళ్ళు తారలు గనక చిన్నగా చేసినా పేరొస్తుంది. మేం చిన్నగా చేస్తే పిసినారి అంటారు గదండీ!” అంటారా? నిజమే, అంటారు. వెయ్యి మందిని పిలిచి ఆరువందల మందికే పప్పు అందితే మాత్రం పదేళ్ళు అంటారు. ఏది నయమో మీరే చూసుకోండి.

సరే, లెక్క ఎలా వేయాలి? ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో మీరు పిలిచినవాళ్ళు. శుభలేఖ ఒకటి అని రాయకండి, ఆ శుభలేఖకు ఎంతమంది వస్తారో రాయండి. పట్నంలో ఉండే చుట్టం ఇద్దరితో వస్తే, ఊళ్ళో ఉన్న చుట్టం ఇంటిల్లిపాదితో వస్తాడు, పక్కింటి పిల్లలను కూడా వెంటబెట్టుకొస్తాడు. రెండో గడిలో పిలవకుండా వచ్చేవాళ్ళు. పెళ్ళయితే ఈ గడి చిన్నది. తార వస్తుందని ఫ్లెక్సీ కట్టారా, మొదటి గడిని మింగేస్తుంది! మూడో గడిని చాలామంది గీయనే గీయరు. అందులో పనిచేసేవాళ్ళు. టెంటు హౌసు కుర్రాళ్ళు, వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, ఆర్కెస్ట్రా, లైట్లబ్బాయి, వీడియో వాళ్ళు, డ్రైవర్లు, బందోబస్తు పోలీసులు. అయిదువందల మంది సభకు వీళ్ళే అరవై డెబ్భై మంది తేలతారు. వీళ్ళూ మనుషులే, వీళ్ళకూ ఆకలేస్తుంది. రాత్రి పదకొండుకు డ్రైవరు కారులో ఆకలితో కూచుని ఉంటే, ఆ కారులో మీ అతిథి హైదరాబాదు దాకా వెళ్ళాలి. అది కూడా గుర్తుంచుకోండి.

మూడు గళ్ళూ కూడితే వచ్చిన అంకె మీ అసలు సభ. ఇప్పుడు స్థలం చూడండి. వంద అడుగుల పొడుగు, అరవై అడుగుల వెడల్పు అనుకుందాం. 6000 చదరపు అడుగులు. కుర్చీ, కాళ్ళు చాపుకునే చోటు, మధ్యలో నడిచే దారి కలిపి మనిషికి 10 చదరపు అడుగులు వేసుకోండి. 600 మంది. వేదికా, సౌండు పెట్టెలూ, భోజనాల బల్లలూ కూడా ఆ ఆవరణలోనే అంటే 400 మందికి కూడా ఇరుకే. ఫంక్షన్ హాలు మేనేజరు “వెయ్యి మంది హాయిగా పడతారు సార్” అంటాడు. ఆయనకేం, ఆయన అద్దె ఆయనకు ముట్టింది! మీరే టేపు పట్టుకుని కొలవండి.

లెక్క తప్పితే ఏమవుతుందో ఈ మధ్య మన సినిమా సభలే చూపించాయి. 2024 సెప్టెంబరు 22న హైదరాబాదులో “దేవర” ముందస్తు వేడుక హాలు పట్టనంత మంది వచ్చేసరికి రద్దయింది. అదే ఏడాది డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటరు దగ్గర “పుష్ప 2” ప్రీమియరు తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో “గేమ్ ఛేంజర్” సభ చక్కగా ముగిసింది. తీరా తిరుగుదారిలో మోటారు సైకిలు మీద ఇంటికి పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు రోడ్డు ప్రమాదంలో పోయారు. సభ ముగియడం అంటే తెర దించడం అనుకుంటాం గదా. ఆ ఇళ్ళల్లో ఆ సభ ఇంకా ముగియలేదు.

ఇవన్నీ పెద్ద ఊళ్ళ సంగతులు, మన ఊరికేం అనకండి. 2024 అక్టోబరు 3న మహబూబాబాద్ జిల్లా తొర్రూరులో ఒక షాపింగ్ మాల్ ప్రారంభానికి ప్రియాంకా మోహన్ వెళితే వేదిక కుప్పకూలింది. ఆమె స్వల్ప గాయాలతో బయటపడింది గనక సరిపోయింది. తొర్రూరేం మహానగరం కాదు, మన వనపర్తి, గద్వాలల వంటి ఊరే.

వేదిక దగ్గర కాస్త ఆగుదాం. మన ఊళ్ళల్లో వేదిక మీద పది కుర్చీలు వేస్తే ముప్పై మంది ఎక్కుతారు. సర్పంచి గారు ఎక్కితే మాజీ సర్పంచి గారు ఎక్కాలి. ఆయన ఎక్కితే ఆయన బామ్మర్ది ఫోటో తీయడానికి ఎక్కాలి. మనిషికి 65 కిలోలు వేసుకున్నా ముప్పై మందికి దాదాపు రెండు టన్నులు! అందరూ కదలకుండా ఉంటే ఒక లెక్క. తార వచ్చిందనగానే అందరూ ఒకే మూలకు ఉరుకుతారు, బరువంతా అక్కడే పడుతుంది. వేదికలు కూలేది అలాగే.

టెంటు హౌసు ఆయన్ని అడిగి చూడండి.

“అన్నా, స్టేజీ ఎంతమందికి ఆగుతది?”

“ఏం గాదు తమ్మీ, వంద మంది ఎక్కినా ఏం గాదు.”

“అయితే ఆ ముక్క బిల్లు మీద రాసియ్యరాదే?”

అప్పుడు నోట్లోంచి అసలు అంకె వస్తుంది. ఆ అంకెను మెట్ల దగ్గర అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టండి. మెట్లకు కాపలాగా మొహమాటం లేని మనిషిని పెట్టండి. ప్రతి ఇంట్లోనూ ఒక మేనమామ ఉంటాడు, ఎవరెంతటివారైనా “అన్నా, మీ కుర్చీ ముందు వరసల ఉంది” అని నవ్వుతూ దింపేయగలడు. ఆయన్ని వెతికి పట్టుకోండి. హైదరాబాదు నుంచి తెచ్చిన నల్లచొక్కా బౌన్సర్లు పదిమందికన్నా ఆయన మేలు! బౌన్సరు తోస్తే ఊరికి కోపం వస్తుంది. మామ తోస్తే రాదు. తార దిగి వెళ్ళే మెట్లు వేరుగా, వెనకవైపు, కారు దాకా తాడు కట్టి ఉండాలి. జనంలోంచి నడిపించి తీసుకెళ్ళి “మా ఊళ్ళో ఎంత అభిమానమో చూశారా” అని మురిసిపోవడం మానండి. ఆ నాలుగు నిమిషాలూ ఆ పిల్ల ఎంత భయపడుతుందో పక్కన నడిచే వాళ్ళ అమ్మను అడిగితే చెబుతుంది.

ఇక ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తాను. ఆడవాళ్ళు సభల్లో నీళ్ళెందుకు తాగరో ఎప్పుడైనా గమనించారా? దాహం లేక కాదు. మరుగుదొడ్డి లేక. పొద్దున పదికి వచ్చి సాయంత్రం నాలుగు దాకా గొంతు తడుపుకోకుండా కూచుంటారు, అదీ పాలమూరు ఎండలో. ఫంక్షన్ హాలులో రెండు గదులుంటాయి. ఒకదానికి తాళం వేసి ఉంటుంది, రెండోదానిలో నీళ్ళు రావు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. నూరు మంది ఆడవాళ్ళకు కనీసం మూడు మరుగుదొడ్లు, వాటికి నీళ్ళ ట్యాంకరు, లోపల దీపం, బయట ఒక ఆయమ్మ. మైదానంలో సభ అయితే తాత్కాలికంగా కట్టించండి. పూల అలంకరణ ఖర్చు కాస్త తగ్గించుకుంటే దీనికి సరిపోతుంది. తోరణం ఎంత బాగుందో మర్నాటికి మరిచిపోతారు. ఇది మాత్రం మరిచిపోరు. మా ఇంట్లోవాళ్ళ మాటే చెబుతున్నాను సుమండీ!

ఇప్పుడు రోజూ, వేళా. పెళ్ళిళ్ళకు ముహూర్తాలు పంతులు గారు చెబుతారు, అందులో మన ప్రమేయం లేదు. కంపెనీ సభలకు ఆ బాధ లేదుగా! ఆషాఢంలో, మూఢాల్లో ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఈగలు తోలుకుంటూ ఉంటాయి. అద్దె బేరం ఆడొచ్చు. వంటమాస్టరు కూడా ఫోనెత్తుతాడు. మంచి ముహూర్తాల్లో డీలర్ల సమావేశం పెట్టుకుని “వంటవాళ్ళు దొరకలేదండీ” అని వగచేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

గద్వాల వైపు ఇంకో చిక్కుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ నడిగడ్డ పత్తి విత్తనాల సాగుకు పేరుపడింది. అంచేత విత్తన కంపెనీల రైతు సదస్సులు అక్కడ మామూలే. ఆర్కెస్ట్రా, బిర్యానీ, లక్కీడిప్పు వగైరా. హైదరాబాదు ఆఫీసులో కూచున్న బాబు “పొద్దున పదిన్నరకు సభ” అని రాసి పంపిస్తాడు. క్రాసింగ్ రోజుల్లో రైతు పొలం ఎలా వదులుతాడండీ? సాయంత్రం మొగ్గల్లోంచి పుప్పొడి భాగాలు చేత్తో తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఒక్క పూట తప్పితే ఆ మొగ్గలన్నీ దండగ. ఆ రోజుల్లో సభ పెడితే కుర్చీల్లో కంపెనీ వాళ్ళే ఎదురుబొదురు కూచోవాలి. క్రాసింగ్ ముగిశాక పెట్టుకోండి. తప్పదంటే మిట్టమధ్యాహ్నం భోజనం వేళకు పిలిచి రెండు గంటల్లో వదిలేయండి. హీరోయిన్ కారు దిగేదాకా రైతులను కూచోబెడితే, వాళ్ళకు మీ విత్తనం పేరు గుర్తుండదు, ఎండ గుర్తుంటుంది. అన్నట్టు, రైతులకు రావాల్సిన బాకీలు ఏమైనా ఉంటే సభకు ముందే చెల్లించేయండి. లేకపోతే ప్రశ్నల కార్యక్రమంలో మొదటి ప్రశ్న అదే. మైకు లాక్కుంటే ఇంకా గట్టిగా అడుగుతారు.

రాకపోకల గురించి రెండు ముక్కలు. గద్వాలకు రైలుంది, సుఖం. వనపర్తికి “వనపర్తి రోడ్డు” అని స్టేషనుంది గదా అని మద్రాసు వాద్యగాళ్ళకు అక్కడికి టిక్కెట్టు కొనేస్తారు. పేరులో ఉన్న ఆ “రోడ్డు” అనే మాటను ఎవరూ పట్టించుకోరు! స్టేషను ఉన్నది మదనాపురం వైపు, వనపర్తి ఊరికి చాలా దూరం. తెల్లవారుజామున వయొలిన్ పెట్టెలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద దిగినవాళ్ళకు ఎదురుగా బండి లేకపోతే వాళ్ళ శాపాలు మీకే. నాగర్‌కర్నూలుకు రైలే లేదు, జడ్చర్ల మీదుగా రోడ్డు దారే. శ్రీశైలం వైపు నుంచి నల్లమల మీదుగా ఎవరైనా వస్తున్నారా? అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. పులుల అడవి అది. మీ ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకు దోర్నాలలో కాఫీ తాగుతూ ఉంటే ఆ రాత్రి మీ సభకు రాడని రాసిపెట్టుకోండి.

పాటల సంగతి చూద్దాం. మన పాఠకులకు ప్రీతిపాత్రమైన విషయం. 2017లో ఇళయరాజా గారి పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారంతటి వారికే, అమెరికా సభల మధ్యలో లాయరు నోటీసు వెళ్ళిన సంగతి గుర్తుందా? బాలు గారికి తప్పనిది మన గద్వాల ఆర్కెస్ట్రాకు తప్పుతుందా? చట్టంలో ఒక వెసులుబాటుంది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకలు, మతపరమైన కార్యాలు, ప్రభుత్వ కార్యక్రమాలు... వీటిలో పాటలు వాయించుకుంటే కాపీరైటు ఉల్లంఘన కాదని కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కంపెనీ సభకూ, దుకాణం ప్రారంభానికీ, టిక్కెట్టు పెట్టిన సంగీత విభావరికీ అది వర్తించదు. వాటికి ముందుగా లైసెన్సు తీసుకోవాలి. ఆర్కెస్ట్రా వేదిక మీద పాడితే పాట రాసినవారి, స్వరపరిచినవారి తరఫున ఐ.పి.ఆర్.ఎస్. వారిని అడగాలి. రికార్డు వేస్తే ఆ రికార్డు హక్కుదారుల నుంచి, చాలా కంపెనీల తరఫున పి.పి.ఎల్. నుంచి, అదనంగా తీసుకోవాలి. ఆ రుసుం మీ పూలదండల ఖర్చులో పెట్టుకోండి. ఇక మైకు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు నిషిద్ధం, 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు అవి. ఏడున్నరకు మొదలుపెట్టాల్సిన విభావరిని వక్తల ధర్మమా అని తొమ్మిదింటికి మొదలుపెడితే, గాయని గొంతు సవరించుకునేలోగా పోలీసు జీపు వస్తుంది. ఉపన్యాసం మనిషికి మూడు నిమిషాలు. గంట కొట్టండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

కళాకారుల దగ్గరికి వచ్చాం. అసలు ఈ వారం ఆ మూడు ఊళ్ళనే ఎత్తుకోవడానికి కారణం కూడా ఇదే.

సభ జరపడం ఆ ప్రాంతానికి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. గద్వాలకు “విద్వద్గద్వాల” అని పేరు. సంస్థానం ఉన్న రోజుల్లో కార్తీక, మాఘ మాసాల్లో ఎక్కడెక్కడి పండితులూ కవులూ అక్కడికి కట్టలు కట్టుకుని వచ్చేవారు. ఎప్పుడు వెళ్ళాలో అందరికీ తెలుసు, ఆహ్వానపత్రిక కోసం ఎదురుచూడక్కర్లేదు. సభలో విద్యను పరీక్షించేవారు, తగిన సత్కారం చేసేవారు, ఏటేటా వార్షికాలు ఇచ్చేవారు. వార్షికం అంటే “మళ్ళీ ఏడాది రండి, ఇది మీకు రాసిపెట్టి ఉంది” అని అర్థం. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వెళ్ళి అవధానాలు చేశారు. వారి “పాండవోద్యోగ విజయాల” పద్యాలు తర్వాత నాటకాల వేదికల మీదా, మన సినిమాల్లోనూ ఎలా మోగాయో చెప్పక్కర్లేదు. రాజుల కాలం అంతా బంగారం అని మేమనడం లేదు. ఆ సొమ్ము ఎవరి చెమటో మనకు తెలుసు. కళాకారుడికి దారిఖర్చూ, బసా, పారితోషికమూ ముందే లెక్క కట్టి ఉంచే పద్ధతి మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గదే.

ఇప్పటి సంగతి చూడండి. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట వాసి దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. 2021లో “భీమ్లా నాయక్” టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు విని రాష్ట్రమంతా ఎవరీయన అని అడిగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎన్ని సభలు, ఎన్ని శాలువాలు! 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాదు శివార్లలో కూలిపనికి వెళుతున్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. శాలువాలు ఎన్ని ఉన్నా అన్నం వండుకోలేరు గదా.

అందుకని సన్మానాల పద్ధతి మార్చండి. ఆ జిల్లాల్లో మంచి కళాకారులకు కొదవ లేదు. తెలకపల్లి మండలం గౌరారం గోరటి వెంకన్న గారు పుట్టిన ఊరు. కిన్నెర వాయించేవాళ్ళు కూడా అక్కడ ఉన్నారు. హీరోయిన్‌కు కారూ, హోటలూ, మేకప్ మనిషి ఖర్చూ కిక్కురుమనకుండా ఇస్తారు. అదే సభలో ముందు గంట పాడిన జానపద కళాకారుడికి “ఫోన్‌పేలో వేస్తాం లే పెద్దాయనా” అంటారు. ఆయన ఫోను బటన్ల ఫోను! సభ మర్నాడు కమిటీ వాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఉంటారు, ఆయన బస్సు ఛార్జీలు పెట్టుకుని మూడుసార్లు తిరుగుతాడు. మూడోసారి తిరిగిన ఖర్చుతో ఆయన పారితోషికంలో సగం పోతుంది. తార రాకపోయినా సభ జరుగుతుంది. ఈయన మూడుసార్లు తిరిగితే మాత్రం ఆ చుట్టుపక్కల మీ పిలుపుకు ఇంకెవరూ రారు.

ఎంత ఇస్తారో పిలిచినప్పుడే చెప్పండి. దారిఖర్చు వేరుగా ఇవ్వండి. రాత్రి బస్సు ఉండదు గనక పడుకునే చోటు చూడండి, లేదా బండి ఇచ్చి దింపించండి. భోజనం అతిథులతో పాటు పెట్టండి, గిన్నెలు అడుగంటాక కాదు. సన్మానంలో గ్లాసు పెట్టెలో బిగించిన జ్ఞాపిక ఎవరికీ అక్కర్లేదు, ఇంట్లో పెట్టుకోను చోటుండదు. బట్టే పెట్టాలంటే గద్వాల నేత పెట్టండి. నూలు ఒడలికి పట్టు అంచూ, కొంగూ కలిపి నేసిన చీర కళాకారుడి ఇంట్లో ఆడవాళ్ళు పండగలకు కట్టుకుంటారు, శాలువాలా మూటలో పడి ఉండదు. అయితే మగ్గం మీద చీర దిగడానికి రోజులు పడుతుంది. సభకు ముందురోజు వెళ్ళి “ఇరవై కావాలి” అంటే, నేతగాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. కనీసం రెండు నెలల ముందు చెప్పి, సగం పైకం ముందే ఇవ్వండి.

డబ్బు మాత్రం కవర్లలో పెట్టి, వేదిక ఎక్కకముందే ఇచ్చేయండి. కోశాధికారి చీకటి పడగానే మాయమయ్యే మనిషైతే ఆ కవర్లు ఇందాకటి మేనమామ జేబులో ఉంచండి. కవరు మీద ఇంటిపేరుతో సహా పేరు రాయడం మరవకండి. ప్రతి ఆర్కెస్ట్రాలోనూ ఇద్దరు శ్రీనులు ఉంటారు, ఒకడు డ్రమ్స్, ఇంకొకడు కీబోర్డు, ఇద్దరి లెక్కా ఒకటి కాదు.